శంషాబాద్ వాన లెక్క తీసిన ఇంజినీరు

మూసీకి పగ్గం వేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

శంషాబాద్ అనగానే నేడు అందరికీ స్ఫురించేది విమానాశ్రయం. కాని విమానాలు రావడానికి నూరేళ్లు ముందే ఆ ఊరి పేరు దేశ ఇంజినీరింగు చరిత్రకెక్కింది. అందుకు కారణం అక్కడ ఉన్న ఒక వర్షమాపక కేంద్రం. 1908 సెప్టెంబరులో మూసీ నది హైదరాబాదును ముంచెత్తినప్పుడు శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వర్షం నమోదయింది. మిల్లీమీటర్లలో చెప్పాలంటే మొదటిది 325, రెండవది 480. నగరాన్ని ముంచిన నీళ్లు ఎక్కడ పుట్టాయో ఈ అంకెలు చెప్పాయి. వాటి భావాన్ని గ్రహించి నగరాన్ని కాపాడే మార్గం చూపినవారు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

పూర్వీకులు తెలుగువారు

విశ్వేశ్వరయ్య నాటి మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో 1861 సెప్టెంబరు 15న జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. అక్కడి నుంచి మైసూరు సీమకు తరలిపోయినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచిపోయింది.

చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న విశ్వేశ్వరయ్య బెంగుళూరులో మేనమామ అండన చదువుకున్నారు. పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకుంటూ సెంట్రల్ కాలేజీలో బి.ఏ. పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో పూనా సైన్సు కళాశాలలో చేరి 1883లో ఇంజినీరింగు పట్టా పొందారు. మరుసటి సంవత్సరం బొంబాయి రాష్ట్ర ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీరుగా ఉద్యోగంలో చేరారు.

ఆ ఉద్యోగంలో ఆయనకు పేరు తెచ్చిన పనులు ఎక్కువగా నీటికి సంబంధించినవే. సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం సిద్ధం చేశారు. పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి, నీటి మట్టం పెరిగినప్పుడు వాటంతట అవే తెరుచుకునే తలుపులను రూపొందించారు. ఎడారి వంటి ఏడెన్ రేవుకు వెళ్లి అక్కడి నీటి ఎద్దడిని, మురుగు పారుదలను పరిశీలించి వచ్చారు.

ఎంత పేరు తెచ్చుకున్నా ఆనాడు భారతీయునికి బొంబాయి చీఫ్ ఇంజినీరు పదవి అందని ద్రాక్షే. ఆ సంగతి తెలిసి 1908లో ఆయన తమంతట తామే ఉద్యోగ విరమణ చేసి విదేశీ పర్యటనకు బయలుదేరారు. అప్పటికి ఆయన వయస్సు 47 సంవత్సరాలు. ఆ పర్యటనలో ఉండగానే నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది.

ఆ కాళరాత్రి

1908 సెప్టెంబరు 28న హైదరాబాదును మూసీ ముంచివేసింది. అంతకుముందు రెండు రోజులుగా ఎగువన కుండపోతగా వర్షం కురిసింది. తెల్లవారేసరికి నది గట్లు దాటి అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, ఘాన్సీబజార్ ప్రాంతాలను చుట్టుముట్టింది. వంతెనలు దెబ్బతిన్నాయి. ఇళ్లు వేల సంఖ్యలో కూలిపోయాయి. జనం వేల సంఖ్యలో కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి తోటలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు కథను నగరవాసులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిరాశ్రయులకు ఆశ్రయం, అన్నం ఏర్పాటు చేయించారు. అయితే కూలిన ఇళ్లు తిరిగి కట్టుకున్నా, ఆ ఏరు మళ్లీ పొంగితే గతి ఏమిటన్న ప్రశ్న అందరినీ వేధించింది. ఆ ప్రశ్నకు జవాబు వెదికే బాధ్యతను విశ్వేశ్వరయ్యకు అప్పగించారు. పర్యటన ముగించుకుని వస్తానని చెప్పిన ఆయన 1909 ఏప్రిల్ 15న హైదరాబాదు చేరుకున్నారు.

నగరం వదిలి ఎగువకు

నగరంలో కూలిన గోడలు, కొట్టుకుపోయిన వంతెనలు చూసిన ఎవరికైనా గట్లు ఎత్తు చేయడమే పరిష్కారమని తోస్తుంది. విశ్వేశ్వరయ్య దృష్టి నగరం దగ్గర ఆగలేదు. ఎగువకు సాగింది.

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుగా ప్రవహిస్తుంది. దక్షిణం వైపు నుంచి వచ్చే ఈసీ నది లంగర్‌హౌజ్ వద్ద నేటి బాపూఘాట్ సమీపాన దానిలో కలుస్తుంది. ఈ రెండు నదులకు హైదరాబాదు ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అంత విస్తీర్ణంలో ఎన్ని చెరువులున్నాయో లెక్క తీయగా 788 తేలాయి. అంటే దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు ఉన్నదన్నమాట.

తెలంగాణ పల్లెల్లో చెరువులు ఒంటరిగా ఉండవు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని కిందికి పోతుంది. వీటినే గొలుసుకట్టు చెరువులంటారు. ఇక్కడి నేల గట్టి నల్లరాతి నేల. పై మట్టి పలుచన. పెద్ద వాన కురిస్తే నీరు భూమిలోకి ఇంకేది తక్కువ, పారేది ఎక్కువ. అందుకే పూర్వులు పారే నీటికి అడుగడుగునా కట్టలు వేసి నిలిపారు.

మామూలు సంవత్సరాల్లో అన్నం పెట్టే ఈ ఏర్పాటే 1908లో శాపమయింది. పై చెరువుకు గండి పడితే దానిలోని నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. అది తట్టుకోలేక తెగితే రెండు చెరువుల నీరు మూడవదాని మీద పడుతుంది. ఆ రెండు రోజుల్లో 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. వాన నీటికి చెరువుల నీరు తోడయి నగరం మీదికి దూకింది. అప్పుడు మూసీలో ప్రవహించిన గరిష్ఠ వరద సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులని అంచనా తేలింది.

శంషాబాద్ అంకె విలువ

ఏ నదికైనా గరిష్ఠ వరదను లెక్కించాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, గోడల మీద, గట్ల మీద మిగిలిన వరద ఆనవాళ్లను బట్టి నీటి ఎత్తు, నది వాలు, అడ్డుకోత కొలిచి ప్రవాహ వేగం కట్టడం. రెండవది, ఎగువన కురిసిన వర్షాన్ని, అది పడిన విస్తీర్ణాన్ని లెక్కగట్టడం. రెండవ దారికి వర్షమాపకం కావాలి. ఆ అంకెను ఏనాటికానాడు తప్పకుండా రాసి ఉంచే మనిషి కూడా కావాలి. శంషాబాద్‌లో ఆ రెండూ ఉన్నాయి.

ఆ అంకెల బరువు తెలియాలంటే చిన్న లెక్క చాలు. ఒక చదరపు మైలు మీద ఒక అంగుళం వాన పడితే 23 లక్షల ఘనపుటడుగుల పైచిలుకు నీరవుతుంది. అదే అంగుళం 862 చదరపు మైళ్ల మీద సమానంగా పడి మొత్తం పారితే సుమారు 200 కోట్ల ఘనపుటడుగులు, అంటే 2 టి.ఎం.సి. నీరు. శంషాబాద్‌లో ఒక్క రోజులో కురిసింది 12.8 అంగుళాలు. అన్ని చోట్లా అంత కురవకపోవచ్చు. కురిసినదంతా పారకపోవచ్చు. అయినా అందులో కొంత భాగమే నగరాన్ని ముంచడానికి చాలునని ఈ లెక్క చెబుతుంది.

రెండు జలాశయాల సూచన

విశ్వేశ్వరయ్య తమ నివేదికను 1909 అక్టోబరు 1న సమర్పించారు. అందులోని ప్రధాన సూచన, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి రెండు జలాశయాలు నిర్మించాలని. నది సురక్షితంగా మోయగలిగినంత నీటిని కిందికి వదిలి, మిగిలిన వరదను వాటిలో తాత్కాలికంగా ఆపాలి. వాన తగ్గాక ఆ నీటిని క్రమంగా వదలాలి. నగరంలో గట్లు బాగుచేసి, వాటి వెంట రహదారులు, ఉద్యానవనాలు వేయాలని, భూగర్భ మురుగు కాలువలు నిర్మించాలని కూడా ఆయన సూచించారు.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. ఈ జలాశయాల ఆలోచన పుట్టింది నగరాన్ని వరద నుంచి కాపాడటానికి. మంచినీటి ప్రయోజనం కూడా సిద్ధించింది. అయితే ఈ రెండు పనులకు నడుమ ఒక పేచీ ఉంది. మంచినీటికి జలాశయం నిండుగా ఉండాలి. వరదను ఆపటానికి అందులో ఖాళీ ఉండాలి. నిండిన కుండలో మరో చెంబు నీరు పోస్తే పైకి పొర్లక తప్పదు. ఆ పేచీని తీర్చడం నాటి నుంచి నేటి వరకు ఈ జలాశయాలను నడిపే ఇంజినీర్లకు పరీక్షగానే ఉన్నది.

హైదరాబాదులో పని ముగించుకున్న విశ్వేశ్వరయ్య 1909 నవంబరులో మైసూరు సంస్థానం చీఫ్ ఇంజినీరుగా వెళ్లారు. ఇక్కడ ఉన్నది కొద్ది నెలలే అయినా అప్పుడు చేసిన సర్వే నగర రూపురేఖలను మార్చివేసింది.

కాగితం నుంచి కట్టడం దాకా

1911లో మహబూబ్ అలీ ఖాన్ మరణించగా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1913లో గండిపేట వద్ద మూసీ మీద ఆనకట్ట పనులు ప్రారంభమై 1920లో పూర్తయ్యాయి. అదే ఉస్మాన్‌సాగర్. ఈసీ మీద శంషాబాద్‌కు సమీపాన నిర్మించిన రెండవ జలాశయం 1927లో పూర్తయింది. నిజాం పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరిట దానికి హిమాయత్‌సాగర్ అని నామకరణం చేశారు. ఈ నిర్మాణంలో ప్రముఖ పాత్ర వహించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జన్మదినమైన జూలై 11ను తెలంగాణలో ఇంజినీర్ల దినంగా పాటిస్తున్నారు.

వరద కొట్టుకుపోయిన ఒడ్డునే హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ భవనాలు లేచాయి. 1922లో నగరాభివృద్ధి పనుల విషయమై ప్రభుత్వం మళ్లీ విశ్వేశ్వరయ్య సలహా కోరింది.

మైసూరులో ఆయన కావేరి మీద కృష్ణరాజసాగర్ నిర్మాణం చేపట్టారు. 1912 నుంచి 1918 వరకు దివానుగా పనిచేశారు. 77 ఏళ్ల వయస్సులో ఒరిస్సా వరదలపై పరిశీలన జరిపారు. 1955లో భారతరత్న పురస్కారం పొందారు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు నిండిన తరువాత, బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన జన్మదినం సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు.

శంషాబాద్ గడ్డ మీద వివాదం

ఆయన పోయిన తరువాత కూడా ఆయన లెక్క తెమలలేదు. నగరం పెరిగి జలాశయాల దగ్గరికి వచ్చింది. మూసీ పక్కన ఉన్న కట్టడాల కంటే ఎగువ పొలాల్లో ఏం జరుగుతున్నదన్నదే ప్రధాన ప్రశ్న అయింది. 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు వెలువరించింది. రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ కట్టడాలను అందులో నిషేధించారు. సుమారు 1,32,000 ఎకరాల భూమి దీని పరిధిలోకి వచ్చింది. శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, రాజేంద్రనగర్ ప్రాంతాల గ్రామాలు అందులో ఉన్నాయి.

ఈ ఉత్తర్వు బలమెంతో శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లోనే తేలింది. అక్కడ ఒక నూనె పరిశ్రమ స్థాపనకు మినహాయింపు ఇవ్వగా వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ ప్రాంతంలో రాళ్ల పొరలను, భూగర్భ జలాల పోకడను పరిశీలించి నివేదిక ఇచ్చింది. 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పరిశ్రమకు అనుమతి లేదని తీర్పు చెప్పింది. నగర జనం తాగే నీటికి కలిగే ముప్పును ముందుగానే నివారించాలన్నది ఆ తీర్పులోని సారాంశం.

అయితే ఊళ్లవారి గోడు కూడా ఉంది. హద్దుకు అవతల ఉన్న ఎకరం కోట్లు పలుకుతుంటే ఇవతలి ఎకరానికి ఆ ధర రాలేదు. పిల్లల చదువులకు, పెళ్లిళ్లకు భూమి అమ్ముకోవాలన్నా కొనేవారు వెనుకాడారు. నగరం క్షేమం కోసం తాము మాత్రమే ఎందుకు నష్టపోవాలన్న రైతు ప్రశ్నలో న్యాయం లేదనలేము. ఇంతలో కృష్ణా, మంజీర, గోదావరి నీళ్లు రావడంతో నగరం ఈ రెండు జలాశయాల మీద ఆధారపడటం తగ్గింది. మంచినీటికే అవసరం తగ్గినప్పుడు ఆంక్షలెందుకన్న వాదన బలపడింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో ఆంక్షల సడలింపునకు పూనుకుంది. 2023 మేలో నాటి మంత్రివర్గం 111వ ఉత్తర్వును పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. దీనిపై పర్యావరణవాదులు కోర్టులను ఆశ్రయించారు.

ఈ వాదోపవాదాల్లో విశ్వేశ్వరయ్య సర్వే చెప్పిన మొదటి మాట మరుగున పడింది. ఆయన ఈ జలాశయాలు కావాలన్నది ముందుగా వరదను ఆపటానికి. నగరం కృష్ణా నీరే తాగినా, గోదావరి నీరే తాగినా, శంషాబాద్‌లో కురిసిన వాన మాత్రం ఈసీ దారిన, మూసీ దారిన హైదరాబాదుకే పోతుంది. మంచినీటి అవసరం తీరిందని వరద రాక మానదు. పొలం ఉన్నచోట కొంత నీరు ఇంకుతుంది. కుంట ఉన్నచోట కొంత నిలుస్తుంది. సిమెంటు పరచినచోట ఆ రెండూ ఉండవు.

చెరువు మరువలేదు

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. మూసీ వరదకు సరిగ్గా నూరేళ్లు నిండిన సంవత్సరమది. దాదాపు 5,500 ఎకరాల్లో వెలసిన ఆ విమానాశ్రయంతో పాటు రోడ్లు, గోదాములు, కాలనీలు వచ్చాయి. ఊరివారికి ఉపాధి వచ్చింది. చెరువుల మధ్య ఉండే వాగులు, కాలువలు మాత్రం చాలా చోట్ల సన్నబడ్డాయి.

2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వర్షానికి, శంషాబాద్ దారిలోని గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు తెగింది. ఆ నీరు విమానాశ్రయం వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారిని కోసివేసింది. మనుషులు, వాహనాలు కొట్టుకుపోయారు. అదే రాత్రి పాతబస్తీ శివారులోని పల్లెచెరువుకు కూడా గండి పడింది. చెరువు తెగితే దిగువన ఏమవుతుందో 1909 సర్వే చెప్పిన సంగతే చిన్న ఎత్తున మళ్లీ జరిగింది.

2025 సెప్టెంబరు 26 రాత్రి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఉప్పొంగి హైదరాబాదులోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. ప్రయాణికులను బయటికి తరలించవలసి వచ్చింది. 1908 వరద వచ్చిన తేదీకి ఇది రెండు రోజుల ముందు.

నేటి లెక్కల ప్రకారం ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టి.ఎం.సి., హిమాయత్‌సాగర్‌ది 2.97 టి.ఎం.సి. రెండూ కలిపి ఏడుకు లోపే. ఎగువన పరీవాహక ప్రాంతం అంతటా మూడున్నర అంగుళాల నీరు పారి వస్తే, పూర్తిగా ఖాళీగా ఉన్నా ఈ రెండూ నిండిపోతాయి. మిగిలినది ఆపవలసింది వందలాది పల్లె చెరువులు, కుంటలు, పొలాలు. కాబట్టి కట్టలు, అలుగులు, తూములు, వాగుల హద్దులు ఊరి పంచాయితీకి మాత్రమే సంబంధించినవి కావు. లక్షల మంది ప్రాణాలకు అవే కాపు. వాటిని కాపాడే రైతుకు తగిన పరిహారం చెల్లించడం కూడా నగరం బాధ్యతే అవుతుంది.

హైదరాబాదు ఖైరతాబాదులో ఇంజినీర్ల సంస్థ భవనానికి విశ్వేశ్వరయ్య పేరు పెట్టారు. ప్రతి సెప్టెంబరు 15న ఆయన పటానికి పూలదండలు వేస్తారు. ఆ గౌరవం ఆయనకు తగినదే. దానితో పాటు 1909లో ఆయన లెక్క తీసిన 788 చెరువుల్లో ఇప్పుడు మిగిలినవి ఎన్ని, వాటిలో అలుగు పారే దారి ఉన్నవి ఎన్ని అన్నది ఊరూరా తిరిగి మళ్లీ లెక్క తీస్తే, శంషాబాద్ వర్షమాపకం నాడు చెప్పిన మాటకు విలువ ఇచ్చినట్లవుతుంది.